కత్తిరించిన చరణం

ఆదివారం ఉదయం ఆఫీసు తాళం తీసి అయిదు నిమిషాలైనా కాలేదు, నర్సు యూనిఫారంలో ఉన్న ఒకామె తలుపు తట్టకుండానే లోపలికి వచ్చేసింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నిన్న పొద్దున హెడ్మాస్టారి తలకి కట్టు కట్టింది నేనేనమ్మా. సాయంత్రానికి ఆ తల పగలగొట్టింది మా తమ్ముడేనని పోలీసులు పట్టుకుపోయారు. వాడు చీమకి కూడా హాని చెయ్యడు. పాటల్లో మాత్రం రోజూ ఎవడో ఒకణ్ణి నరుకుతుంటాడు. నాకేం చెయ్యాలో తోచట్లేదు."

మేడం కళ్లజోడు సర్దుకుంది. ఊళ్లో ఆవిణ్ణి అందరూ మేడం అనే అంటారు. డిటెక్టివ్ కాకముందు పత్రికాఫీసులో పద్దెనిమిదేళ్లు ప్రూఫులు దిద్దింది. అక్షరం తేడా వస్తే నిద్రపట్టని మనిషి. ఆవిడ అసిస్టెంటు ఒకప్పుడు పెళ్లిళ్లలో ఫొటోలు తీసుకుని బతికినవాడు. అప్పుడొచ్చిన 'ఫ్లాష్' అన్న పేరు ఇప్పటికీ వదల్లేదు. మేడం మూడు ప్రశ్నలు వేస్తే మనిషి మొత్తం బయటపడిపోతాడని అతని గట్టి నమ్మకం. ఆ విద్య ఎప్పటికి పట్టుబడుతుందా అని నాలుగేళ్లుగా పక్కనే కాచుకుని ఉన్నాడు.

"నిదానంగా చెప్పమ్మా. మీ తమ్ముడే కదా ఆ 'తూటా'?" అంది మేడం.

"ఆ పేరు వాడు పెట్టుకున్నది కాదు, వాడి పాటలు విడుదల చేసే కంపెనీ ప్రొడ్యూసర్ పెట్టాడు. వాడు లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. సాయంత్రాలు ర్యాప్ పాడతాడు."

మిగతాది ఫ్లాష్‌కి తెలిసిందే. ఊరంతా నెల రోజులుగా దీని మీదే కొట్టుకుంటోంది. ముఠా కొట్లాటల్ని గొప్ప చేసి పాడే ఈ పాటలు కుర్రాళ్ల చేతికి కత్తులిస్తున్నాయని హెడ్మాస్టారి కమిటీ వాదన. ఉన్నది పాడితే తప్పేంటని అవతలివాళ్ల వాదన. మైదానంలో అలాంటి పాటలు నిషేధించాలన్న అర్జీ సోమవారం మునిసిపల్ కౌన్సిల్ ముందుకు రానుంది. ఈలోగా శనివారం పొద్దున, రోజూలాగే ఆరున్నరకి లైబ్రరీ తెరిచిన హెడ్మాస్టారిని ఎవరో వెనకనుంచి కొట్టారు. ఏడుంపావుకి పేపర్లు వేసేవాడు చూసేసరికి ఆయన నేల మీద పడి ఉన్నారు. గోడ మీద ఎర్రరంగుతో ఒక వాక్యం. అదే వాక్యం సాయంత్రం ఆరింటికి విడుదలైన తూటా పాటలో వినబడింది. అప్పటిదాకా ఆ పాట ఊళ్లో ఎవరూ వినలేదు.

"అంటే పాట ముందే తెలిసినవాడే కొట్టాడు," అంది మేడం లేస్తూ. "ఫ్లాషూ, కెమెరా తీసుకో."

*

లైబ్రరీలో ఇన్‌స్పెక్టర్ వాళ్లకోసమే ఎదురుచూస్తున్నాడు. మేడం అంటే ఆయనకి గౌరవం ఉంది, కాస్త భయం కూడా. మూలన కమిటీ వాళ్ల ప్లకార్డులు, పక్కనే అవి రాసిన ఎర్రరంగు డబ్బా. కొట్టింది కూడా ఒక ప్లకార్డు కర్రతోనే.

గోడ మీద అడుగెత్తు అక్షరాలు: 'ఈ నెత్తురు మా విధి రాసుకున్న సంతకం.'

నీళ్లలాంటి పల్చటి రంగు. ప్రతి అక్షరం కిందా చారలు కారి, గోడకానించిన బల్లదాకా దిగి ఎండిపోయాయి. ఫ్లాష్ నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాడు.

"ఏడున్నరకి నేను వచ్చేసరికే ఇలా బల్ల దాకా కారిపోయి ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పత్రికలవాళ్లని ఎనిమిది దాటాకగానీ లోపలికి రానివ్వలేదు. మేడం, ఇందులో మీరు తేల్చాల్సిందేం లేదు. గోడ మీద చదివాను, పాటలో విన్నాను. రెండూ ఒకటే."

"రెండూ ఒకటేనా?" అంది మేడం. ఆ గోడనే చాలాసేపు చూస్తూ నిలబడింది. అలా ఎందుకు చూస్తోందో ఫ్లాష్‌కి అర్థం కాలేదు. తనకి కనబడనిదేదో ఆవిడకి కనబడిందని మాత్రం అర్థమైంది.

స్టేషన్లో తూటా బెంచీ మీద ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. పోస్టర్లలో కనబడే ఉగ్రరూపానికీ ఈ మనిషికీ పోలికే లేదు. వేళ్లకి లేత్ మిషన్ మరకలు. అక్కని చూడగానే తలదించుకున్నాడు.

"శనివారం పొద్దున ఎక్కడున్నావు?"

"ఇంట్లో నిద్రపోతున్నానండీ. సాక్షి ఎవరూ లేరు. అక్క డ్యూటీలో ఉంది."

"హెడ్మాస్టారంటే కోపమా?"

"చిన్నప్పుడు ఆయన దగ్గరే చదివానండీ. దీర్ఘం మర్చిపోతే చెవి మెలేసేవారు. కోపం ఎందుకుంటుంది? శుక్రవారం సాయంత్రం ఆయన దగ్గరికే వెళ్లాను, పాట వినిపించడానికి."

ఇన్‌స్పెక్టర్ ఉలిక్కిపడ్డాడు. "ఈ మాట నిన్న చెప్పలేదేం?"

"చెప్పబోతే నోర్ముయ్యమన్నారుగా సార్."

మేడం నవ్వు ఆపుకుంది. "పాట రాసిన కాగితం ఉందా?"

అక్క సంచీలోంచి ఒక నోట్‌బుక్కు తీసి ఇచ్చింది. మేడం పేజీలు తిప్పి ఒక చోట ఆగింది. నాలుగు చరణాలు. చివరి చరణం చుట్టూ పెన్సిల్‌తో గీత, పక్కన హెడ్మాస్టారి చేతిరాతలో 'బాగుంది'.

"విడుదలైన పాటలో మూడే చరణాలున్నాయి," అన్నాడు ఫ్లాష్.

"నాలుగోది ప్రొడ్యూసర్ గారు తీసేశారండీ. జనానికి కత్తి కావాలి, కన్నీళ్లు అక్కర్లేదన్నారు. అది తీసేస్తే పాట విడుదల కానివ్వనని శుక్రవారం మాస్టారి దగ్గర్నుంచే ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. సోమవారం కౌన్సిల్లో మొత్తం పాట నాచేత పాడిస్తానని మాస్టారన్నారు. అదీ చెప్పాను."

అక్క వచ్చి తమ్ముడి పక్కన కూర్చుంది. "మా పెద్ద తమ్ముడు ఆరేళ్ల కిందట వీధి కొట్లాటలోనే పోయాడమ్మా. నాలుగో చరణం వాడి గురించే."

*

మధ్యాహ్నానికి స్టూడియో చేరారు. లోపల సౌండ్ ఇంజినీరు ఒక్కడే ఉన్నాడు. ఏసీ గదిలో కూడా నుదుటి మీద చెమట. అతని ముందున్న బోర్డుకి పాట రాసిన కాగితం అంటించి ఉంది. తూటా నోట్‌బుక్కులోంచి తన చేత్తో ఎత్తిరాసుకున్నాడట.

"రికార్డింగ్ నడిచిన పది రోజులూ ఇది మీ ముందే ఉందా?" అడిగింది మేడం.

"ఉందండీ. ఇది చూడకపోతే నాకు ఏ మాటకి ఎక్కడ సౌండ్ ఎత్తాలో తెలీదు." కళ్లు తలుపువైపే ఉన్నాయి.

"ఎందుకంత భయం?"

అతను గొంతు తగ్గించాడు. "నాలుగో చరణం చెరిపెయ్యమన్నారు మేడం. నాకు చేతులు రాలేదు. దాచాను. తెలిస్తే ఉద్యోగం పోతుంది."

అంతలో ప్రొడ్యూసర్ వచ్చాడు. తెల్ల బూట్లు, నవ్వుమొహం. కాఫీ తెప్పించి మరీ మాట్లాడాడు.

"కుర్రాడి విషయం బాధగానే ఉందమ్మా. కానీ పాట చూశారుగా, ఒక్క రాత్రిలో పదిలక్షల మంది విన్నారు!"

"పాట మీరు ముందే చదివారా?"

"చదవడమా!" పకపకా నవ్వాడు. "ఇరవై ఏళ్లలో ఒక్క పాట కాగితం ముట్టుకోలేదు నేను. నాకు చెవులే ఆస్తి. విని చెప్తాను, ఆడుతుందో ఆడదో."

గోడ నిండా కొత్త పాట పోస్టరు. నల్లటి నేపథ్యంలో లైబ్రరీ గోడ మీది ఎర్ర అక్షరాలు. ఫ్లాష్ దాని దగ్గరికెళ్లి నిలబడ్డాడు. ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో వెంటనే తట్టలేదు.

"ఈ ఫొటో ఎక్కడిదండీ?"

"ఎవడో విలేకరి కుర్రాడు అమ్మాడు. మనది వ్యాపారం కదా బాబూ."

మెట్లు దిగుతూ ఉండగా ఫ్లాష్ ఠక్కున ఆగిపోయాడు. కెమెరా ఆన్ చేసి పొద్దున తీసిన ఫొటో చూశాడు. అతని మొహం వెలిగిపోయింది.

"మేడం! చారలు!"

"చెప్పు."

"మన ఫొటోలో బల్ల దాకా ఉన్నాయి. పోస్టరులో వేలెడు కూడా లేవు!"

మేడం అతని భుజం తట్టింది. నాలుగేళ్లలో అది మొదటిసారి. ఫ్లాష్ మిగతా మెట్లు ఎలా దిగాడో అతనికే తెలీదు.

*

సోమవారం పదింటికి అందరూ లైబ్రరీలో చేరారు. ఇన్‌స్పెక్టర్ తూటాని తీసుకొచ్చాడు. ఇంజినీరు తలుపు దగ్గర నిలబడ్డాడు. ప్రొడ్యూసర్ వాచీ చూసుకుంటూ కూర్చున్నాడు. నర్సు తోసుకొచ్చిన చక్రాల కుర్చీలో, తలకి కట్టుతో హెడ్మాస్టారు. డాక్టరు రెండు గంటలకే అనుమతి ఇచ్చాడు. దెబ్బ తగిలాక ముందురోజు సంగతులేవీ ఆయనకి సరిగ్గా గుర్తు లేవు. నోట్‌బుక్కులో తన చేతిరాతే చూపించాక, "అవును, విన్నాను. మంచి చరణం," అని మాత్రం అన్నారు.

మేడం గోడ దగ్గరికి నడిచింది.

"మాస్టారూ, ఈ వాక్యం ఒకసారి చదవండి."

"ఈ నెత్తురు మా విధి రాసుకున్న సంతకం," చదివారాయన.

"ఇప్పుడు నోట్‌బుక్కులో ఉన్నది చదవండి."

"ఈ నెత్తురు మా వీధి..." ఆయన ఆగిపోయి కళ్లజోడు పైకి నెట్టుకున్నారు. "వీధి! దీర్ఘం ఉంది!"

"అదే మాస్టారూ. అతను రాసింది వీధి. పాడేటప్పుడు తాళం కోసం దీర్ఘం మింగేశాడు. విన్నవాళ్లకి అది విధి. రాసినవాడు తన మాటే తను తప్పు రాయడు. పది రోజులు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్న ఇంజినీరు గారూ తప్పు రాయరు. ఈ గోడ మీద రాసినవాడు పాట విన్నాడు గానీ ఎప్పుడూ చదవలేదు. విడుదలకి ముందు పాట విని, కాగితం ముట్టుకోని మనిషి ఒక్కరే ఉన్నారు. ఆ మాట ఆయనే నాతో గర్వంగా చెప్పారు."

అందరి తలలూ ఒకేసారి తిరిగాయి. ప్రొడ్యూసర్ నవ్వాడు, కానీ ఆ నవ్వు కళ్లదాకా రాలేదు.

"ఒక్క దీర్ఘానికి నన్ను జైల్లో పెడతారా?"

"పెట్టను. అందుకే మా ఫ్లాష్‌ని తెచ్చుకున్నాను."

ఫ్లాష్ ముందుకొచ్చాడు. తను తీసిన గోడ ఫొటో, పాట పోస్టరులోని ఫొటో బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. "ఈ రంగు నీళ్లలా పల్చనిది. ఏడున్నరకే బల్ల దాకా కారిపోయిందని ఇన్‌స్పెక్టర్ గారన్నారు. పత్రికలవాళ్లు వచ్చింది ఎనిమిది దాటాక. మీ పోస్టరులో చారలు అప్పుడే మొదలవుతున్నాయి. అంటే రాసిన రెండు మూడు నిమిషాల్లోనే తీసిన ఫొటో ఇది. ఆ టైములో ఇక్కడ ఉన్నది ఇద్దరే. ఒకరు స్పృహ లేకుండా పడి ఉన్నారు."

ప్రొడ్యూసర్ చెయ్యి జేబులోని ఫోన్ మీదికి పోయింది.

"మీ ఫోన్ ఇవ్వండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్ చెయ్యి చాపి.

ప్రొడ్యూసర్ లేచి రెండడుగులు వేశాడు. తలుపు దగ్గర ఇంజినీరు కదల్లేదు. "చరణం చెరిపెయ్యమంటే దాచాను సార్," అన్నాడు మెల్లగా, "ఇప్పుడు తలుపు కూడా తియ్యను."

ఫోన్లో ఫొటో దొరికింది. శనివారం, ఆరు గంటల యాభై రెండు నిమిషాలు.

"కుర్రాడు మొత్తం పాట కౌన్సిల్లో పాడితే, అది కత్తిని పొగిడే పాట కాదని ఊరందరికీ తెలిసిపోతుంది," అంది మేడం. "మీరు అమ్మాలనుకున్న సరుకు అక్కడితో ఆగిపోతుంది. మాస్టారు ఆసుపత్రిలో, కుర్రాడు జైల్లో ఉంటే అడ్డు చెప్పేవాళ్లే ఉండరు. పైగా పాటలోది నిజంగా జరిగిందంటే జనం ఎగబడి వింటారు. మీరు రోజూ అమ్మేది కొట్లాటే. ఈసారి సరుకు మీరే తయారుచేశారు."

సంకెళ్లు పడ్డాక కూడా ప్రొడ్యూసర్ ఒక్క మాటే అన్నాడు: "పదిలక్షల మంది విన్నారు."

"మూడొంతులే విన్నారు," అన్నారు హెడ్మాస్టారు. "నడవండి, టైమవుతోంది. కౌన్సిల్ పదకొండింటికి."

*

కౌన్సిల్ హాల్లో కాలు పెట్టడానికి చోటు లేదు. వార్త వాళ్లకంటే ముందే చేరిపోయింది. చక్రాల కుర్చీ లోపలికి రాగానే జనం దారిచ్చారు.

"నా అర్జీ వెనక్కి తీసుకోవట్లేదు," అన్నారు హెడ్మాస్టారు. "దిద్దుతున్నాను. కత్తి పట్టుకుంటే మొనగాడివని పిల్లలకి నూరిపోసే పాటలు నాకు ఇప్పటికీ గిట్టవు. కానీ ఒక్క పాటైనా మొత్తం వినకుండా నేను నెల రోజులు అరిచాను. అది నా తప్పు. రాసినవాడి అనుమతి లేకుండా పాటని కోసి అమ్మడం నిషేధించండి. అది నా కొత్త అర్జీ. ఇప్పుడు వీడు పాడతాడు, వినండి."

తూటా మైకు ముందుకొచ్చాడు. వాయిద్యాలు లేవు. ఇంజినీరు ముందు వరసలో బల్ల మీద చేత్తో తాళం అందుకున్నాడు. మూడు చరణాలకీ కుర్రాళ్లు ఈలలేశారు. నాలుగోది మొదలయ్యేసరికి హాలు సద్దుమణిగింది.

"ఆ సంతకం కింద ఉన్నది మా అన్న పేరు
తుడవడానికి మా అమ్మకి నీళ్లు చాల్లేదు..."

తూటా అక్కడ ఆగి మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. ఇంజినీరు చెయ్యి కూడా ఆగిపోయింది. ఫ్లాష్ కెమెరా దించేశాడు.

అప్పుడు గోడవారగా నిలబడి ఉన్న అక్క ముందుకొచ్చింది. తమ్ముడి చేతిలోంచి మైకు తీసుకుంది. ఆమెకి పాడటం రాదు, రోగులకి మందుల వేళ చెప్పినట్టు స్పష్టంగా చెప్పింది:

"కత్తి పట్టినోడా, ఒక్కసారి ఆగి చూడు
నీ వెనకే నీ తమ్ముడు నడక నేర్చుకుంటున్నాడు!"

హాలంతా లేచి నిలబడింది. వెనక వరసల కుర్రాళ్లు ఆ రెండు లైన్లూ అందుకున్నారు, బయట మెట్ల మీద ఉన్నవాళ్లు వాళ్ల దగ్గర అందుకున్నారు. కౌన్సిల్ సభ్యులు బల్లలు చరుస్తున్నారు. తూటా అక్క పక్కన నిలబడి, ఏడుస్తూ నవ్వుతూ, గొంతు చించుకుని పాడుతున్నాడు. హెడ్మాస్టారు తాళం తప్పుతూనే చప్పట్లు కొడుతున్నారు. ఆ చప్పుడులో మేడం ఫ్లాష్ చెవి దగ్గరికి వంగి ఏదో అంది. అతనికి ఒక్క ముక్క వినబడలేదు. వినబడకపోయినా ఫర్వాలేదనిపించి, తనూ గొంతు కలిపాడు.