కొయ్యని పుదీనా

"దాన్ని ముట్టొద్దు తాతా."

స్కూల్ బ్యాగ్ కూడా దించకుండా మిద్దె మెట్ల దగ్గరే నిలబడి అంది పల్లవి. పుదీనా బకెట్ మీదికి వంగిన సొన్నప్ప తాత చెయ్యి ఆగిపోయింది.

"రెండు రెబ్బలే పాపా. నోరంతా చప్పగా ఉండాది. మీ అమ్మతో కొంచెం చట్నీ నూరిద్దామని."

"అది అవ్వది. ఎవరూ కొయ్యకూడదు."

తాత చెయ్యి పంచెకు తుడుచుకుని మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

కాటన్‌పేటలోని ఆ పాత ఇంట్లో వంట మిద్దె మీదే. రేకుల కింద గట్టు, గట్టు మీద గ్యాస్ పొయ్యి, పక్కన రోలు. తాత భార్య పాపక్క అవ్వ ఆ గట్టు వెంబడే పాత పెయింట్ బకెట్లలో పుదీనా, కొత్తిమీర, మెంతికూర పెంచేది. పొయ్యి దగ్గర నిలబడే చెయ్యి చాచి, కావలసిన ఆకు తుంచుకునేది.

వానలు మొదలయ్యే ముందు అవ్వ చనిపోయింది. ఆ గొడవలో నీళ్ళు పోసేవాళ్ళు లేక కొత్తిమీర, మెంతి ఎండిపోయాయి. పుదీనా ఒక్కటే మిగిలింది.

అప్పటి నుంచి దానికి పల్లవే కాపలా. పొద్దున, సాయంత్రం నీళ్ళు పోసేది. అమ్మను కూడా కొయ్యనిచ్చేది కాదు. అమ్మ శశికళ పోనీలే అనుకుని మార్కెట్ నుంచి కట్టలు తెప్పించేది.

పల్లవి అలా ముట్టొద్దన్న రోజు నుంచి తాత మిద్దె మీదికి రావడం మానేశాడు. అన్నం కిందికే తెచ్చి పెడితే సగం తిని లేచేవాడు.

రోజులు గడిచాయి. ముసురు వదలలేదు. పుదీనా కాడలు పొడుగ్గా సాగి బకెట్ అంచు మీంచి వాలిపోయాయి. కింది ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. పల్లవి భయపడి ఇంకాస్త నీళ్ళు పోసింది.

ఆదివారం పొద్దున ఒక కాడను నిలబెట్టబోతే ఆకులన్నీ చేతిలోకి రాలాయి. కాడ మొదలు నల్లగా కుళ్ళి ఉంది. పల్లవి అక్కడే కూర్చుని ఏడ్చింది.

పొయ్యి వెలిగించడానికి వచ్చిన అమ్మ చూసింది. "తాతను అడగరాదా? అవ్వకు మట్టి కలిపిచ్చింది ఆయనే కదా."

"తాత నాతో మాట్లాడడం లేదు."

"నువ్వు మళ్ళా కసురుకుంటావని భయపడతా ఉండాడు."

తనను చూసి ఒకరు భయపడతారని పల్లవి ఎప్పుడూ అనుకోలేదు. కళ్ళు తుడుచుకుని కిందికి వెళ్ళింది. తాత కిటికీ పక్కన వాన చూస్తూ కూర్చుని ఉన్నాడు.

"తాతా, పుదీనా చచ్చిపోతా ఉంది. ఒకసారి పైకి రావా?"

తాత వచ్చి బకెట్ ముందు కూర్చున్నాడు. మట్టిలో వేలు పెట్టి చూశాడు.

"నీళ్ళు జాస్తి అయినాయి పాపా. పైగా దీన్ని కొయ్యకపోతే ఇట్లే అయితాది. మీ అవ్వ దినామూ కోస్తా ఉన్నింది. కోసేకొద్దీ కొత్త చిగుర్లు వస్తా ఉండె."

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

"నీకు బేజారుగా ఉండాదని ఊరుకుంటి." తాత వేలికి అంటిన మట్టి దులుపుకున్నాడు. "మీ అవ్వ నాకూ లేదు కదా పాపా."

ఇన్నాళ్ళూ ఆ మాట పల్లవికి తోచలేదు.

"ఇప్పుడు కోస్తే బతుకుతాదా తాతా?"

"చెప్పలేను. సగం కుళ్ళిపోయింది."

పల్లవి కత్తెర తెచ్చింది. తాత చూపించిన చోట మొదటి కాడ కోసింది. తర్వాత ఇంకోటి. చివరికి బకెట్‌లో పొట్టి మోళ్ళు మాత్రమే మిగిలాయి. పాడైన ఆకు ఏరేస్తే గుప్పెడు పుదీనా దొరికింది.

అమ్మ పచ్చిమిరపకాయలు వేయించి ఇచ్చింది. చింతపండు, ఉప్పు, కొబ్బరి వేసి పల్లవే రోట్లో నూరింది. మధ్యాహ్నం తాతకు వేడి అన్నం పెట్టి, చట్నీ వేసి, తనూ ఒక ముద్ద తిని చూసింది.

"అవ్వ చేసినట్లు లేదు."

"లేదు," అన్నాడు తాత. కానీ ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

పల్లవి గిన్నెలో మిగిలిందంతా వేలితో తుడిచి తాత కంచంలో వేసి, ఆయనను ఆనుకుని కూర్చుంది.