సాలెగూడు అడ్డున్న దారి

నీలగొంది చెరువు ఆ ఏడు అడుగంటింది. పదకొండేళ్లుగా నీళ్లలో మునిగి ఉన్న గుహ, బండల నడుమ మళ్లీ నోరు తెరిచింది. ఆ కబురు వినగానే సాయవ్వ, అల్లుతున్న వలను అక్కడే పడేసి లేచింది.

తెలంగాణకు ఉత్తరపు కొసన, టేకు అడవి నడుమ ఉంది ఆ చెరువు. ఇలాంటి కరువు ఎండల్లోనే ఆమె అన్న ఎర్రన్న, పాత రాజులు దాచిన బంగారం తెస్తానని ఆ గుహకు వెళ్లాడు. ఆ రోజే వాన ముంచెత్తింది. అతడు తిరిగి రాలేదు. బంగారం దొరకబుచ్చుకుని, చెల్లెల్ని గాలికొదిలి పారిపోయాడని ఊరంతా చెప్పుకుంది. కుండ మూతికి మూకుడుంది గానీ లోకం మూతికి లేదు కదా! "మా అన్న దొంగ కాదు" అని సాయవ్వ పోట్లాడని గడప లేదు. అన్న అడుగుల చప్పుడు కోసం ఆమె చెవులు ఇంకా వాకిట్లోనే ఉన్నాయి.

మేనమామ నర్సింగం తోడు వచ్చాడు. ఆయన మోకాళ్ల నొప్పులు పని చెప్పినప్పుడే వస్తాయి, బంగారం మాట వింటే రావు.

చెరువు చుట్టూ అడుగడుగునా సాలెపురుగులే. ఒక్కొక్కటి అరచేయంత. నల్లటి కాళ్లకు పసుపు పట్టీలు, చెట్టుకూ చెట్టుకూ నడుమ ఎండకు మెరిసే గూళ్లు. వల నేసేవాడు వల తెంపరాదని అక్కడి బెస్తల కట్టుబాటు. గూడు అడ్డొస్తే ఆ దారి తమది కాదనుకుని పక్కకు తిరుగుతారు. మేనమామా మేనకోడలూ అలాగే తప్పుకుంటూ గుహ చేరారు.

లోపల యాభై అడుగులు పోయాక దారి రెండుగా చీలింది. కుడివైపు సందుకు అడ్డంగా పెద్ద గూడు, నడుమ బలిసిన సాలెపురుగు.

"ఎడమకు పా బిడ్డా!" అన్నాడు నర్సింగం.

ఎడమ దారి పైకి ఎక్కి, ఒక గదిలో ముగిసింది. టార్చిలైటు వెలుగులో ముందు రాగి బిందె కనబడింది, దాని నిండా బంగారు నాణేలు. నర్సింగం కేక పెట్టాడు. సాయవ్వ చూపు మాత్రం బిందె పక్కన గోడకు ఆనుకున్న ఎముకల మీద నిలిచిపోయింది. మణికట్టున అమ్మ తొడిగిన వెండి కడియం.

"అన్నా!" అంటూ ఆమె కూలబడింది. ఒక్క నాణెం కూడా కదలలేదు. నీళ్లు తగ్గుతాయేమోనని ఆ ఎత్తున కూర్చుని, ఎదురుచూసి ఎదురుచూసి పోయాడు.

అంతలో బయట ఉరిమింది. ఆ వెంటనే చెరువులో కలిసే వాగు హోరు వినబడింది.

"నీళ్లొస్తున్నయ్! ఉరుకు!" అని అరిచాడు నర్సింగం. సాయవ్వ పైట చెంగు పరిచి ఎముకలన్నీ మూట కట్టుకుంది. ఆయన బిందెను భుజానికెత్తాడు. చీలిక దగ్గరికి వచ్చేసరికి నీళ్లు నడుము దాకా వచ్చాయి. గుహ మూతి మునిగిపోయింది.

"అయిపోయింది బిడ్డా. మీ అన్న లెక్కనే మనం గూడ..."

సాయవ్వ లైటును కుడి సందులోని గూటి మీదికి తిప్పింది. అందులో ఒక తూనీగ రెక్కలు కొట్టుకుంటోంది. ఇందాక అది గూట్లో లేదు. గుహ మూతి మునిగాక తూనీగ ఎటునుంచి వచ్చింది? ఆ సందు బయటికి పోతుంది! ఎర్రన్న కూడా ఇక్కడే నిలబడి ఉంటాడు. ఇలాంటి గూడే చూసి, తన దారి కాదని వెనక్కి తిరిగి ఉంటాడు.

"తల్లీ, తప్పు కాయి!" అని రెండు చేతులతో గూడు చింపేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె తెంపిన మొదటి గూడు అది. సాలెపురుగు సరసరా పైకి పాకింది.

సందు ఇరుకు, నిట్టనిలువు. సాయవ్వ ముందు ఎక్కింది. ఒంటి చేత్తో పట్టు తప్పుతోంది, మూట జారుతోంది.

"మామా, అన్నను పట్టు!"

నర్సింగం ఒక్క క్షణం బిందెను చూశాడు. తర్వాత దాన్ని నీళ్లలోకి వదిలేసి, చేతులు చాచి మేనల్లుడి మూట అందుకున్నాడు.

టేకు చెట్ల మధ్య వానలో బయటపడ్డారు. నర్సింగం రొప్పుతూనే అన్నాడు, "గెలిచినవ్ సాయవ్వా! ఆ బంగారం నా కండ్లార చూసిన. ఎర్రడు ముట్టలేదని ఊరందరి ముంగట నేనే చెప్త. ఇగ ఎవ్వడు నోరు తెరువడు."

సాయవ్వ మూటను ఒడిలోకి తీసుకుంది.

"ఊరోళ్ల మాటనే నిజమైతే బాగుండు మామా," అంది. "దొంగై, నన్ను మరిచి, యాడనో ఒక్కకాడ బతికుంటే బాగుండు."