పిలవకముందే ఠాణాకు

భూలక్ష్మి జొన్నరొట్టెలు మడిచి కొడుకు టిఫిన్ డబ్బాలో పెడుతోంది. యాదగిరి నీలం చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. బయట బండలు పగలగొట్టే చప్పుడు అప్పుడే మొదలైంది. మాదాపూర్ చుట్టూ అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. వాటిలో ఒకదానికి లిఫ్టులు బిగించేవాళ్ల దగ్గర యాదగిరి హెల్పరుగా చేరాడు. చేరి ఎన్నాళ్లో కాలేదు.

పాలకు వెళ్లిన లింగమూర్తి వట్టి చేతులతో తిరిగొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"రాత్రి పక్క సైటుల రాగితీగ పోయిందట. హోటల్ కాడ గదే ముచ్చట," అన్నాడు. కొడుకు వైపు చూడకుండానే, "చెప్పులేస్కోరా. పోదాం."

ఎక్కడికని ఎవరూ అడగలేదు. పదిహేనేళ్ల వయసులో యాదగిరి దోస్తులతో కలిసి ఇనుప చువ్వలు ఎత్తుకెళ్లి పట్టుబడ్డాడు. పిల్లల జైలు నుంచి వచ్చాక, చుట్టుపక్కల ఏది పోయినా పోలీసులు ముందు ఈ గడపే తొక్కేవారు. ఒకసారి వాడకట్టంతా చూస్తుండగా కొట్టుకుంటూ తీసుకెళ్లారు. అప్పటినుంచి లింగమూర్తి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. వాళ్లు రాకముందే కొడుకును తానే ఠాణాలో అప్పజెప్పి, కొట్టొద్దని దండం పెట్టి రావడం. సాయంత్రానికి వదిలేసేవారు. పిల్లవాడి ఒంటిమీద దెబ్బ పడకుండా చూసుకోవడానికి ఆయనకు అంతకంటే దారి తోచలేదు. తోచడానికి ఎవరైనా చెప్పినవాళ్లుంటే కదా!

"నేను రాను," అన్నాడు యాదగిరి.

"ఏందిరా?"

"డ్యూటీకి పోవాలె. ఇంకోపారి నాగా పెడితే రావొద్దని మా సూపర్‌వైజరు కామేశ్వరరావు సారు మొన్ననే చెప్పిండు."

"జీపేసుకోని వాళ్లు సైటుకే వస్తే? అందరి ముంగట గల్లపట్టి గుంజుకపోతే ఉంటదా నీ డ్యూటీ?"

"ఇప్పుడు నువ్వు తీస్కపోతే ఉంటదా?"

ఎటు తిరిగినా గోడే. దారి దొరకని మనిషికి కోపం రావడం ఎంతసేపు!

"నాకేమన్న సరదానారా? నువ్వు చేసిన ఘనకార్యానికే గద నేను గీ తిరుగుడు తిరుగుతున్న!"

"పొద్దుపొద్దున ఏం లొల్లయ్యా. పిల్లగాన్ని తిననియ్యి," అంది భూలక్ష్మి.

"నువ్వూకో. నీ గారాబమే వీన్ని గిట్ల చేసింది. ఒక్కపారి లోపలికి పోతే ఎవనికైనా బుద్ధొస్తది. వీడు రెండోపారి గూడ పాయె!"

యాదగిరి గుండీలు వదిలేశాడు. "రెండోపారి ఎందుకు పోయిన్నో ఎన్నడన్న అడిగినవా నాయినా?"

"అడిగేదేముంది? మునిస్వామిగానితోని తిరిగినవు. దుకాణం షట్టరు పగలగొట్టి దొరికిన్రు."

"ఆ మునిస్వామి నాకు యాడ కలిసిండు?"

లింగమూర్తి తలుపు వైపు నడవబోయాడు.

"ఠాణాల. నువ్వు నన్ను కూసోబెట్టి పోయిన బల్ల మీద. ఆ దినం నేను దేనికీ చెయ్యి పెట్టలే. వెల్డింగు షాపుల పని పోయింది గూడ ఆ దినమే. పొద్దంత ఉపాసముంటే వాడే బన్ను, చాయ్ తెప్పిచ్చిండు. రేపట్నుంచి ఏం చేస్తవు తమ్మీ అని అడిగినోడు వాడొక్కడే. నేను చేసింది తప్పే, కాదంటలేను. కని ఆ బల్ల మీదికి నా అంతట నేను పోలే."

"కొట్టకుండ ఉండాలనే గదరా..."

"కొట్టొద్దని మొక్కినవు. నా కొడుకు తియ్యలేదని ఒక్కపారన్న చెప్పినవా?"

"నాకేం ఎర్క, తీసినవో లేదో!"

భూలక్ష్మి చేతిలోని డబ్బా మూత నేలకేసి కొట్టింది. "ఎర్క లేదా? వీడు జైలు నుంచొచ్చిన కాడికెల్లి తలుపుకు అడ్డం మంచమేసుకోని పండుకునేదెవరు? పిల్లి కదిలినా లేస్తవు. రాత్రి నీ మీదికెల్లి ఎగిరిపోయిండా వీడు?"

లింగమూర్తి గోడకు ఆనుకున్నాడు. ఆమె చెప్పింది నిజం. రాత్రంతా కొడుకు ఇల్లు కదలలేదని లోకంలో అందరికంటే బాగా తెలిసినవాడు తానే. తెలిసి కూడా చెప్పులు వేసుకోమన్నాడు. పోలీసులకంటే ముందు, వాడకట్టుకంటే ముందు, వాణ్ణి దొంగను చేసింది తన నోరే.

"నువ్వు పనికి పో," అన్నాడు. "ఠాణాకు నేను పోత."

ఠాణాలో ఉన్న కానిస్టేబుల్ నారాయణప్పది అనంతపురం వైపు. లింగమూర్తి వెనక ఎవరూ లేకపోవడం చూసి, "ఏమప్పా, ఒక్కడివే వచ్చినావు? వాడేడి?" అన్నాడు.

"పనికి పోయిండు సార్. వాడు తియ్యలే. రాత్రి తలుపుకు అడ్డం నేనే పండుకున్న."

"కన్నతండ్రివి, నీ మాట ఎవరు నమ్ముతారప్పా?"

"నమ్మకుంటే వాని బదులు నేను కూసుంట."

నారాయణప్ప నవ్వాడు. "కూర్చో పో. నాకేం."

ఎన్నోసార్లు కొడుకును ఆ గుమ్మం దాకా తెచ్చాడు గానీ లింగమూర్తి ఆ బల్ల మీద కూర్చోవడం అదే మొదలు. వచ్చినవాళ్లూ పోయినవాళ్లూ ఏదో చేసే ఉంటాడన్నట్టు చూశారు. ఎండ ఎక్కేసరికి తానే ఏదో తీశాడేమోనన్న బెదురు పుట్టింది. పక్కన కూర్చున్న మనిషి బీడీ అందించి, "ఏం కేసన్నా?" అని ఆప్యాయంగా అడిగాడు. పొద్దున్నుంచి తనను పలకరించింది ఆయనొక్కడే. లింగమూర్తి బీడీ అందుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. నీళ్లు ఆగలేదు.

సాయంత్రం గ్రీజు మరకల చొక్కాతో యాదగిరి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

లింగమూర్తి ఉలిక్కిపడ్డాడు. "నువ్వెందుకొచ్చినవురా!"

"ఇయ్యాల్టి పనైపోయింది. నిన్ను తీస్కపోదామని."

"ఆ దినం... ఇంత అన్నం గూడ తెచ్చియ్యకపోతిని గదరా నీకు."

యాదగిరి దగ్గరికొచ్చాడు. చెయ్యి అందించి తండ్రిని లేపాడు.

"పోండప్పా ఇద్దరూ," అన్నాడు నారాయణప్ప. "మళ్లీ ఏదన్నా పోయిందంటే మాత్రం రావాల్సిందే."

గుమ్మం దాటబోతున్న లింగమూర్తి వెనక్కి తిరిగాడు. ఈసారి దండం పెట్టలేదు.

"పిలువుండ్రి సార్. పిలిస్తేనే వస్తం."