ఊపిరి అంకె

"ఊదండి. ఇంకా... కడుపులోంచి ఊదండి. చాలు."

రిటైర్డు మాస్టారు గొట్టం మీంచి నోరు తీశారు. హాల్లో డెబ్బై ముగ్గురి చూపులూ ఆ చిన్న తెర మీదే ఉన్నాయి. దాని మీద పచ్చగా ఒక అంకె వెలిగింది. సున్నా.

"అంటే ఏంటమ్మా?"

"మీ ఊపిరిలో వైరస్ లేదు మాస్టారూ. సంచి సర్దుకుని ఇంటికి వెళ్ళిపోవచ్చు," అంది డాక్టర్ హైమవతి.

ఈలలు మోగాయి. కాకరవాడ వంతెన పక్కనున్న ఆ కల్యాణ మండపం క్వారంటైన్ కేంద్రమయ్యాక అందులో ఈల మోగడం అదే మొదలు.

నీలి జ్వరం వచ్చి రెండో ఏడాది. ఏరు దాటి ఇంటికెళ్ళాలంటే ఎవరైనా ముందు ఈ ఒడ్డున పద్నాలుగు రోజులు ఉండాల్సిందే. పదమూడు ఎందుకు కాదు, పదిహేను ఎందుకు కాదు అనడిగితే తహసీల్దారు జీవో చూపిస్తాడు. ఆ జీవో దాని పైనున్న జీవోని చూపిస్తుంది. వారం వారం సడలింపులు మాత్రం వస్తూనే ఉన్నాయి. పెళ్ళికి యాభై మంది రావచ్చు, శవం వెనక పది మందే నడవాలి. బ్రాందీ షాపు తెరవచ్చు, బడి తెరవకూడదు. ఎమ్మెల్యే కారు ఆగకుండా వంతెన దాటింది. దాని వెనకే వచ్చిన పాలవ్యాను డ్రైవరు మాత్రం మండపంలో చాప పరుచుకున్నాడు. ఇదేం న్యాయమని అడిగినవాడి మీద కేసు!

అడిగినవాళ్ళలో మొదటిది మాణిక్యం. పక్క జిల్లాలో రొయ్యల ఫ్యాక్టరీలో రొయ్యలు వలిచే మనిషి. ఫ్యాక్టరీ మూతపడితే ఇంటికి బయల్దేరి ఇక్కడ చిక్కుకుంది. ఆరేళ్ళ కూతురు లాస్య అవతలి ఒడ్డున మేనత్త దగ్గరుంది. పిల్లకి పుట్టినప్పట్నుంచీ ఉబ్బసం. రాత్రయితే ఫోన్లో మాటకంటే పిల్లికూతే ఎక్కువ వినిపిస్తుంది.

"మా ఊపిరి కొలవండి, క్యాలెండర్‌ని కాదు!" అన్న నినాదం ఆమెదే. మండపం ఆవరణలో చిన్న షామియానా వేయించి రిలే నిరాహార దీక్ష మొదలెట్టించింది. రోజుకి పన్నెండు మంది, భుజం భుజం రాసుకుంటూ కూర్చునేవారు. దీక్షలో కూర్చున్నవాడి మెళ్ళో దండ లేకపోతే అది దీక్షెలా అవుతుంది? లాక్‌డౌన్లో పూలెక్కడివి? మండపంలో పెళ్ళి సామాను గదిలో పన్నెండు ప్లాస్టిక్ దండలు దొరికాయి. సాయంత్రం లేచినవాళ్ళ మెళ్ళోంచి తీసి, మర్నాడు కూర్చునేవాళ్ళ మెళ్ళో వేసేవారు. మైకు ఒక్కటే. అది నోటి నుంచి నోటికి తిరిగేది.

ఆరో రోజుకి ప్రభుత్వం దిగొచ్చింది. హైమవతి తయారుచేసిన యంత్రాన్ని ఈ మండపంలోనే మొదట పెట్టి చూస్తామని, అది చూపించిన అంకే ఇక్కడ రూలని రాసిచ్చింది. సూత్రం తేలికే. ఊపిరితో పాటు కంటికి కనపడని తుంపరలు బయటికొస్తాయి. యంత్రంలోని సెన్సర్ ఆ తుంపరల్లో వైరస్ ఎంతుందో కొలిచి, ఊపిరి శుభ్రపడడానికి ఎన్ని రోజులు పడుతుందో అంకెలో చెబుతుంది.

మాస్టారి తర్వాత ముందు వరుసవాళ్ళు ఊదారు. సున్నా. సున్నా. మళ్ళీ సున్నా. పదకొండు మంది సంచులు భుజాన వేసుకున్నారు.

"మిషన్ కాదది, దేవత!" అంటూ ఆటో సూరన్న వచ్చి ఊదాడు.

అంకె ఎర్రగా వచ్చింది. తొమ్మిది.

"ఇదేంటి డాక్టరుగారూ? నాకింక మూడ్రోజులేగా ఉంది!"

తర్వాతి మనిషికి ఏడు. ఆ తర్వాత పదకొండు. హైమవతి గొట్టం మార్చింది, సెన్సర్ తుడిచింది, తనే ఊది చూసుకుంది. సున్నా. మళ్ళీ జనం ఊదారు. ఎనిమిది. పది.

మాణిక్యం వచ్చి నిలబడింది. ఇవాళ్టితో ఆమెకి పద్నాలుగు రోజులు నిండుతాయి. గట్టిగా ఊదింది.

పన్నెండు.

"అబద్ధం చెబుతోంది," అంది మాణిక్యం.

"అబద్ధం దానికి రాదమ్మా," అంది హైమవతి నెమ్మదిగా. "సున్నా వచ్చిన పదకొండు మందీ దీక్షలో కూర్చోలేదు కదూ?"

మాస్టారు అవునని తలూపారు. ఆవిడ కిటికీలోంచి షామియానా కేసి చూసింది. అక్కడ కర్రకి ప్లాస్టిక్ దండలు వేలాడుతున్నాయి.

"మీలో ఎవరో ఒకరు జ్వరంతో వచ్చారు. మిగతావాళ్ళకి అది దీక్షలోనే అంటింది."

సూరన్న మాణిక్యం వైపు తిరిగాడు. "విన్నావా నాయకురాలా? ఊపిరి కొలవమన్నది నువ్వే. ఇదిగో, కొలిచారు!"

"నేనొక్కదాన్నే అరిచానా? మైకు లాక్కుని నాకంటే గట్టిగా అరిచింది నువ్వు కాదూ?"

"అవన్నీ అనవసరం!" ఎవరో బల్ల మీద చరిచారు. "పద్నాలుగంటే పద్నాలుగే. ఆశపెట్టి, ఇంకో తొమ్మిదీ పదీ ఉండమంటే ఒప్పుకునేది లేదు. మా పద్నాలుగు రోజులు మాకివ్వండి!"

అరగంటలో అదే నినాదమైంది. పొద్దున ఈలలు వేసిన నోళ్ళే. యంత్రాన్ని విరగ్గొడతామన్నారు. తహసీల్దారు ఫోన్లు చేశాడు. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది: ప్రజల కోరికను మన్నించి పాత రూలే అమలు.

హైమవతి యంత్రాన్ని పెట్టెలో సర్దుతుంటే మాణిక్యం వచ్చి గుమ్మంలో నిలబడింది.

"డాక్టరమ్మా, నా పిల్లకి ఉబ్బసం. ఎత్తుకోవచ్చా?"

"పన్నెండు రోజులు నువ్వు దాని దగ్గరికే వెళ్ళకూడదు. నీ గాలి దానికి అసలే తగలకూడదు."

"అయితే నన్నిక్కడే ఉంచమని చెప్పండి."

"చెప్పాను. పదిహేనో రోజు ఉంచే రూలు లేదట."

మర్నాడు పొద్దున కానిస్టేబుల్ ఆమె చాప చుట్టేశాడు. "కొత్త బ్యాచి వస్తోంది. లేమ్మా. నిన్నటిదాకా పంపమని గోల, ఇవాళ పొమ్మంటే గోల!" పాస్ చేతిలో పెట్టి వంతెన దాకా నడిపించాడు. వంతెన మధ్యలో తెల్లగీత ఉంది. "ఇది దాటితే నువ్వు మీ ఒడ్డు మనిషివి. మళ్ళీ ఇటు అడుగేశావో, పద్నాలుగు మొదట్నుంచీ."

మాణిక్యం గీత దాటింది. పది అడుగులు వేసిందో లేదో, అవతల మేనత్త చెయ్యి విదిలించుకుని లాస్య పరుగున వస్తోంది.

"అక్కడే ఆగు! లాస్యా, రావద్దు!"

పిల్లకి గాలిలో ఏమీ వినపడలేదు. రెండు చేతులూ చాచి వస్తోంది.

"బాబ్బాబూ, ఆ పిల్లని ఆపండి!"

"మీ ఒడ్డులో మీ పిల్లని ఆపడానికి నేనెవర్నమ్మా? నీ దగ్గర పాస్ ఉంది."

పాతిక అడుగుల దూరం. పిల్ల రొప్పు వినిపిస్తోంది. మాణిక్యం నోటికి కొంగు అదిమి పెట్టుకుని, వెనక్కి తిరిగి, తెల్లగీత వైపు పరుగెత్తింది.

అవతలి ఒడ్డున జనం తల్లీకూతుళ్ళ ఆట అనుకుని నవ్వారు.

"ఏయ్! గీత దాటుతున్నావ్! మళ్ళీ పద్నాలుగు రోజులమ్మోయ్!"

మాణిక్యం దాటేసింది. వెనకే గీత దాకా వచ్చిన పిల్లకి కానిస్టేబుల్ లాఠీ అడ్డం పెట్టాడు. పాస్ లేని మనిషిని ఆపడానికి రూలుంది.