ఇత్తడి బిందె బిళ్ళలు

రాత్రి కురిసిన వానకు శామీర్‌పేట చెలకలన్నీ పదునయ్యాయి. తెల్లవారేసరికే జయరాజు, పొరుగు రైతు భిక్షం ఇంటికి పోయి ఎడ్లు అడిగి తెచ్చుకున్నాడు. అవి ఒక్క పూటకే. పొద్దు నెత్తికెక్కేలోగా విత్తనం పడకపోతే, ఎడ్లు మళ్ళీ ఎప్పుడు దొరుకుతాయో ఆ ప్రభువుకే తెలియాలి.

"అమ్మా, ఇత్తునాలు తీస్కొని జల్దీ రా. నేను దున్నుతుంట," అని నాగలి భుజానేసుకుని వెళ్ళిపోయాడు.

ఎలీషమ్మ నడుము పట్టుకుని లేచింది. ఈ మధ్య లేవడమే ఆవిడకు ఒక పని. యుద్ధం అయిపోయింది గానీ సర్కారుకు గింజలు కొలిచే లెవీ పోలేదు. సర్కారు మనుషులు వచ్చి గింజల గుమ్మి ఊడ్చుకుపోయినా, మూలనున్న కుండలో విత్తనపు జొన్నలు మాత్రం ఆవిడ కాపాడుకుంది. బూడిద కలిపి, ఎండిన వేపాకు వేసి, మూతికి పేడ మెత్తింది. ఇంటిల్లిపాదీ గంజితో పడుకున్న రోజుల్లో కూడా ఆ కుండ జోలికి పోలేదు.

మూతికి మెత్తిన పేడ అప్పటికే ఊడి ఉంది. మూత తీసి చెయ్యి పెట్టింది. చెయ్యి కుండ అడుగుకు తగిలింది.

"రాహేలూ!"

వాకిలి ఊడుస్తున్న కోడలు చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ నిలబడటంలోనే ఎలీషమ్మకు సగం అర్థమైంది.

"ఇత్తునాలేవే? నోట్ల నాలుక లేదా?"

"సిద్దయ్య దుకాణంల పోసిన, అత్తా."

"పోసినవా? అయ్యో దేవుడా! ఏమక్కెరొచ్చిందే నీకు? ఇంట్ల ఉప్పు లేదా, నూనె లేదా?"

రాహేలు లోపలికి వచ్చి, మేకుకు వేలాడుతున్న దారం తీసి చూపించింది. దానికి వరసగా రేకు బిళ్ళలు గుచ్చి ఉన్నాయి.

అదంతా సిద్దయ్య తెలివి. ఎదురుగా ఇంకో దుకాణం పడేసరికి గిరాకీ జారిపోతుందని భయపడి ఈ ఎత్తు వేశాడు. గింజలు పోసి సామాను కొన్నవాళ్ళకు కొన్నదాన్నిబట్టి రేకు బిళ్ళలు. దారం నిండితే ఇత్తడి బిందె ఊరికే! చింతపండుతో తళతళా తోమించి ఆ బిందెను గుమ్మంలోనే వేలాడదీశాడు. ఇంకేముంది, ఊళ్ళో ఆడవాళ్ళకు ఎన్నడూ లేని అవసరాలు పుట్టుకొచ్చాయి. వెనకటిలా పిడికెడు కొసరు వేయడం మానేశాడని ఎవరికీ పట్టనేలేదు.

ఎలీషమ్మ గూట్లో దాచిన పొట్లాలు ఒక్కొక్కటే బయటికి లాగింది. "గిన్ని సబ్బులెందుకే? గీ చాయపత్తి ఎందుకే? మనింట్ల పాలున్నయా, చక్కెరున్నదా? దొరల బంగ్లా అనుకున్నవా?"

"ఇగ రెండు బిళ్ళలే తక్కువున్నయి, అత్తా. జరన్ని తీసి మల్ల నింపుదామనుకున్న..."

"ఎట్ల నింపుతవే? మీ నాయిన బండి కట్టి పంపుతడా? నీ మొగడు ఆడ ఎడ్లెనక తిరుగుతుండు. ఇత్తునం లేకుంట ఉత్త మన్ను దున్నుతడా? ఏడాది కూడు పోసొచ్చినవు గదనే!"

అరిచి అరిచి ఆయాసమొచ్చి కూలబడింది. కోపం తెచ్చుకోవడానికైనా ఒంట్లో ఓపిక ఉండాలి కదా. కాసేపటికి తనే లేచి కొంగు బిగించింది.

"నడువు. పొట్లాలన్ని పట్టు."

సిద్దయ్య అప్పుడే దుకాణం తెరుస్తున్నాడు. సంగతి విని మొహం చిట్లించాడు.

"పోసిన గింజలు వాపసిచ్చుడేంది, ఎలీషమ్మా? గట్లయితే నా దుకాణం నడిచినట్టే."

"బూడిద కలిపిన జొన్నలు, శావుకారీ. ఇత్తునాలని నీకు తెలుస్తలేదా? తెలిసే తీస్కున్నవా?"

ఆయన కళ్ళు దించుకున్నాడు. "ఇంకా చెరగలేదు, గా మూలకే ఉన్నయి. కానీ సబ్బులు సగం అరిగిపాయె. నా నష్టం ఎవరిస్తరు?"

అప్పుడు రాహేలు ముందుకు వచ్చింది. తలెత్తి బిందెను ఒకసారి చూసింది. వేళ్ళతో దాని అంచు నిమిరింది. తర్వాత బిళ్ళల దారం తీసి తక్కెడలో పెట్టింది.

"బింద నాకొద్దు, శావుకారీ. బిళ్ళలన్ని నువ్వే తీస్కో. మా గింజలు మాకియ్యి."

సిద్దయ్య దారాన్ని చూశాడు, బిందెను చూశాడు. బిందె మిగిలిపోతుందంటే ఇంకేం నష్టం? గింజల మూట తెచ్చి ఇచ్చాడు.

ఇద్దరూ చెలక దారి పట్టారు. మూట రాహేలు నెత్తిన ఉంది. నడుస్తూనే ఎలీషమ్మ కదిలించింది.

"తెల్వకడుగుత. గా బింద మీద నీకంత పానమేందే?"

"పెండ్లయి వచ్చినకాంచి గీ ఇంట్ల నుంచి పొయ్యేదే చూస్తున్న, అత్తా. గింజలు పాయె. మ్యాకలు పాయె. మామ పాయె. ఒక్కటన్న ఇంట్లకొచ్చేది చూడాలనిపించింది."

ఎలీషమ్మ ఆగిపోయింది.

"ఏమీ రాలేదంటవేందే, పిచ్చిదానా? నువ్వు రాలేదా?"

రాహేలుకు ఏడుపు ఆగలేదు. నెత్తి మీద మూట రెండు చేతులా పట్టుకుని, కన్నీళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి లేక, దారి మధ్యలో నిలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. ఎలీషమ్మ తన కొంగుతో ఆ మొహం తుడిచింది.

"ఇగ నడువు. ఎడ్లు పోతయి."

చెలకలో జయరాజు మండిపడుతున్నాడు. "ఏందమ్మా గింత ఆలస్యం? పూట గడుస్తున్నది!"

"దుకాణం కాడ పనుండె. నోరు మూసుకొని నాగలి పట్టు," అంది ఎలీషమ్మ.

ఆ ఇంట్లో విత్తనం వేసే చెయ్యి ఇంటి పెద్ద ఆడదానిది. తన అత్త చనిపోయిన ఏడాది నుంచి ఎలీషమ్మే వేస్తోంది. ఈసారి మూట విప్పి కోడలి ఒడిలో గింజలు పోసింది.

"నేనా, అత్తా?" రాహేలు బెదిరిపోయింది. "పోగొట్టింది నేనే గదా."

"మల్ల తెచ్చింది గూడ నువ్వే. నా నడుము ఇగ వంగదు, బిడ్డా. ఏయి."

రాహేలు కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుంది. నాగలి కదిలింది. వెనకాలే ఆమె చాలులో గింజలు వేస్తూ నడిచింది. ఎలీషమ్మ గట్టు మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కోడలి చేతినే చూస్తూ ఏడ్చింది.