కానుగ మానుకు తొమ్మిది రంధ్రాలు

రాలిన ఆకులు ఊడుస్తున్న సోమమ్మ చీపురు ఠక్కున ఆగిపోయింది: కానుగ మాను చుట్టూ, మోకాలి ఎత్తున, ఎవరో తొమ్మిది రంధ్రాలు వేశారు.

ఒక్కోటి బొటనవేలు పట్టేంత ఉంది. అన్నిటినీ ఎర్రమట్టితో మూసేశారు. ఒకదాని అంచు నుంచి సన్నటి తడిచార బెరడు మీదుగా కిందికి దిగి ఉంది. సోమమ్మ వంగి వాసన చూసింది. మిరప చేల వైపు నుంచి గాలి తిరిగినప్పుడు ముక్కుకు కొట్టే మందు వాసన. నిన్న పొద్దున ఊడ్చినప్పుడు ఇవి లేవు.

"ఏమయ్యా, జర ఇటు రా."

ఆమె మొగుడు వెంకన్న చాయ్ గ్లాసుతో కుంటుకుంటూ వచ్చాడు. ఇల్లెందు బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు చేసి, కప్పు కూలి కాలు విరిగాక పని మానేసి, కారేపల్లిలోని ఈ ఇంటి పట్టునే ఉంటున్నాడు. చెట్టుకు నాలుగు అడుగుల దూరంలోనే నిలబడిపోయాడు.

"పురుగు తొలిచినట్టున్నది."

"పురుగు తొలిచి మట్టి పెట్టి మూస్తదా? పురుగుకు చేతులున్నయా?"

వెంకన్న చాయ్ తాగాడు.

అత్త గొంతు పెరగడం విని సరిత వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె భర్త శివకుమార్ మొదటి షిఫ్టుకు అయిదింటికే వెళ్లాడు. ఏడేళ్ల కూతురు హంసికను సరిత బడికి తయారు చేస్తోంది.

"ఏమైంది అత్తమ్మా?"

"ఏమైందో నువ్వే చెప్పాలె. ఇగో, చూడు. ఇప్పుడన్న కడుపు నిండిందా?"

సరిత రంధ్రాలు చూసింది.

ఆ పెరట్లో పోరు మొదలై అయిదు నెలలు. దీపావళి దాటాక సరిత చెట్టు పక్కన ఒకటి, గోడ పక్కన ఒకటి మడి కట్టి లెట్యూస్ గింజలు చల్లింది. ఖమ్మంలో బర్గర్లు అమ్మే దుకాణాలవాళ్లు అడిగి మరీ తీసుకునే ఆకు అది. చలికాలపు లేత ఎండ కొమ్మల్లోనే చిక్కుకుపోయి, చెట్టు పక్క మడి పీలగా లేచింది. చెట్టు కొట్టేయాలని కోడలు, గొడ్డలి పడితే ఇంట్లో ఉండనని అత్త. వెంకన్న ప్రతిసారీ సోమమ్మ వైపే మాట్లాడాడు. "చెట్టు జోలికి పోవద్దు" అని అందరి ముందూ తేల్చి చెప్పినవాడు ఆయనే.

"ఇరవై రెండేండ్ల చెట్టు," అంది సోమమ్మ. "బియ్యం కడిగిన నీళ్లు పోసి పెంచిన. ఎండల వచ్చినోళ్లందరు దీని కిందికే వస్తరు, ఎవరినీ పేరు అడగదు. నీ ఇంగ్లీషు గడ్డి నలభై దినాలకు లేస్తది, కోసిన పూటకే వాడుతది. ఉడకబెట్టేది లేదు, పోపు లేదు, మేక నమిలినట్టు పచ్చిగ నములుడు. దానికోసం నా చెట్టుకు మందు పెడతవా?"

"నేను పెట్టలే అత్తమ్మా."

"మరి ఎవరు పెట్టిన్రు? భద్రాచలం అడవి నుంచి దొంగలొచ్చిన్రా? ఇదేమన్న టేకా, ఎత్కపోడానికి?"

"నా మాట విను."

"అయిదు నెలలు విన్న. ఎండ పడ్తలేదు, ఎండ పడ్తలేదు అని. ఇగ పడ్తది తియ్యి."

సరిత గొంతు పెంచలేదు. గోడ పక్కనున్న మడిని చూపించింది. అక్కడ మొక్కలు కాడలు సాగి పూతకు వచ్చి, ఆకుల అంచులు మాడి ఉన్నాయి.

"అది చూడు. పొద్దంత ఎండ పడే మడి. శివరాత్రి దాటంగనే చేదెక్కింది, నోట్ల పెట్టుకోలేం. మరి ఇది చూడు, చెట్టు నీడకున్నది. ఎంత లేతగ ఉన్నదో. చలికాలంల దానికి ఎండ కావాలె, ఎండకాలంల నీడ కావాలె. నాకే ఈ నెలల తెలిసింది. అప్పటి నుంచి ఒక్క దినమన్న చెట్టు మాట ఎత్తిన్నా? ఈ చెట్టు పోతే వారం తిరక్కముందే నా మడి మాడిపోతది. నా ఆకును నేనే చంపుకుంటనా?"

సోమమ్మ చెట్టు పక్క మడిని వంగి చూసింది. నెల రోజులుగా కోడలు చెట్టును తిట్టలేదు. నిజమే.

"దానికి నీడ కావాల్నా?" అన్నాడు వెంకన్న.

"అవ్ మామయ్యా. నీడకు నీడ, తడికి తడి. నిన్న బోనకల్ పెండ్లి నుంచి రాంగనే కాళ్లు గూడ కడుక్కోలే, డ్రమ్ముల నీళ్లు తెచ్చి ఆకు మీదికెళ్లి చల్లిన. గందుకే పొద్దుగాల గంత పచ్చగ ఉన్నది."

వెంకన్న చేతిలో గ్లాసు పక్కకు ఒరిగింది. చాయ్ పాదం మీద పడింది. ఆయన కదల్లేదు. చూపు మాత్రం స్నానాల గది గోడకు ఆనించి ఉన్న నీలం డ్రమ్ము మీదికి వెళ్లి అక్కడే ఉండిపోయింది.

సోమమ్మ అది చూసింది.

ఆమె మళ్లీ చెట్టు దగ్గర కూర్చుని, ఒక రంధ్రంలోని మట్టిని పుల్లతో కదిపింది. మట్టి పొడిపొడిగా రాల్లేదు. వేలెడంత కడ్డీలాగా, చుట్టి కూరిన ఆకారంలోనే బయటికి జారింది. రంధ్రం లోపలికి, కిందికి, కొలిచినట్టు ఒకే వాలులో ఉంది. తొమ్మిదీ అదే వాలు.

అలాంటి మట్టి కడ్డీలు సోమమ్మకు కొత్త కాదు. బొగ్గు పేల్చేవాళ్లు రంధ్రంలో పేలుడు మందు పెట్టి, పైన తడిమట్టి కడ్డీ కూరి మూస్తారు. పెళ్లైన కొత్తలో, బాయి క్వార్టర్లో, ఒకాయన ఆమెను నవ్వించడానికి అరచేతుల మధ్య మట్టి రుద్ది అలాంటివి చేసి చూపించాడు.

ఆమె కడ్డీని గుప్పిట్లో దాచుకుంది.

"సరితా," అన్నాడు వెంకన్న. "పాప డబ్బాల ఏం పెట్టినవు?"

"చపాతీ. ఆకుల చుట్టి ఇచ్చిన, అట్ల అయితేనే తింటది."

"ఏ ఆకుల?"

"ఈ మడిల ఆకులనే. పొద్దుగాల కోసిన."

"తీసెయ్."

"ఎందుకు మామయ్యా?"

"జలుబు జేస్తది."

"ఎండకాలంల జలుబా? నిన్నటి దాకా తిన్నది గదా."

"తీసెయ్యమన్న." "చెప్తుంటే ఇనవేంది?"

సరిత మామను వింతగా చూసింది. ఇన్నేళ్లలో ఆయన ఆమె మీద గొంతు లేపింది ఇదే మొదటిసారి. అత్త వైపు తిరిగింది. అత్త తలెత్తలేదు.

వీధిలో బడి వ్యాన్ హారన్ మోగింది. హంసిక బ్యాగు తగిలించుకుని వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చింది. ఒక చేతిలో డబ్బా. రెండో చేతిలో, దారిలో తినడానికి తీసుకున్న పెద్ద ఆకు. దాన్ని గొట్టంలా చుట్టి నోటికి పెట్టుకుంది.

"తాతా, పోయొస్త."

కుంటి కాలున్న మనిషి అంత వేగంగా కదలగలడని ఎవరూ అనుకోరు. ఒక్క అంగలో పిల్లను చేరాడు. ఆకును లాగి విసిరేశాడు. బుగ్గలు పట్టి, నోట్లో వేలు పెట్టి చివరి ముక్క దాకా బయటికి తీశాడు. డబ్బా కింద పడి తెరుచుకుంది. హంసిక బిక్కచచ్చి, ఆ తర్వాత ఏడుపు అందుకుంది.

"మింగినవా? మింగినవా బిడ్డా?"

"లే...దు తాతా."

"బిందెల నీళ్లు తే. డ్రమ్ముల నీళ్లు ముట్టకు, బిందెల నీళ్లు."

సరిత బిందె దగ్గరికి పరుగెత్తింది. పిల్ల చేత నాలుగుసార్లు పుక్కిలింపించింది. నాలుక చూసింది, చేతులు కడిగింది. వ్యాన్ ఇంకోసారి హారన్ కొట్టి వెళ్లిపోయింది.

సోమమ్మ లేచి వచ్చి మొగుడి ముందు గుప్పిట విప్పింది.

"ఇది ఎవరు చుట్టిన్రో నాకు ఎరుకే. ఆ డ్రమ్ముల ఏమున్నదో చెప్పు. ఇంతసేపు నా కోడల్ని నేను నానా మాటలంటుంటే ఎందుకు ఊకున్నవో అది గూడ చెప్పు."

సరిత పిల్లను చంకనెత్తుకునే వచ్చి, కాలితో పీటను ఆయన వైపు జరిపింది. "కూసో మామయ్యా. కూసోని చెప్పు." ఆయన కూర్చున్నాడు. ఎవరి ముఖమూ చూడకుండా మొదలుపెట్టాడు.

"గడ్డిమందు. మిరప చేను పగిడయ్య దగ్గర మిగిలిన సీస. నిన్న మీరు పెండ్లికి పోంగనే తెచ్చిన. బర్మాతోని రంధ్రాలు ఏసి, గరాటతోని పోసి, మట్టి కూరిన. చేతికి అలవాటైన పని. పనైనంక సామాను కడగకుండ బాయి పైకి రావద్దని మాకు నేర్పిన్రు. ఆ బుద్ధి పోలే. గరాట, చేతులు ఆ డ్రమ్ములనే కడిగిన. ఆ నీళ్లు ఆకుకు పోతయని తట్టలే."

"చెట్టు ఏం జేసిందయ్యా నీకు?" అంది సోమమ్మ. ఆమె కళ్లు కారుతున్నాయి.

"ఏం జేయలే. కాలు ఇరిగినప్పుడు ఎనిమిది నెలలు నన్ను దాని కిందనే పండవెట్టినవు. నాకు మంచే జేసింది. చలికాలంల సరిత వాళ్ల అక్కతోని ఫోనుల అన్నది, ఈ చెట్టున్నన్ని దినాలు ఇక్కడేం జేయలేను, పరీక్షలైతే ఖమ్మంల కిరాయికి పోతం అని. గోడ ఇవతల నేనున్న."

"అది కోపంల అన్న మాట మామయ్యా. తెల్లారే మర్చిపోయిన. మేం ఎక్కడికి పోతలేం."

"నువ్వు మర్చిపోయినవు, నేను మర్చిపోలే. కొట్టమంటే మీ అత్త పోతది. కొట్టొద్దంటే మీరు పోతరు. దానంతట అదే ఎండితే ఎవరి తప్పూ ఉండదు, ఎవరూ పోరు అనుకున్న. పోవద్దు బిడ్డా అని ఒక్కమాట నిన్ను అడిగితే అయిపోతుండె. అడగలే. పొద్దటి సంది నీ మీద నింద పడుతుంటే చాయ్ తాగుకుంట నిలవడ్డ. అది గూడ నేనే. మింగలే అన్నది గని, పాపను దవాఖానాకు తీస్కపో. సీస నా మంచం కింద ఉన్నది, ఎంబడి పట్టుకపో. ఎవరు కలిపిన్రని డాక్టర్ అడుగుతడు. తెల్వది అనకు, నన్ను దాయకు. వాళ్ల తాతనే కలిపిండని చెప్పు."