ఉబ్బిన ఎర్ర డబ్బా

నెలిడా తెర్రాసాస్ కుర్చీలో కూర్చోకముందే ఏడుపు అందుకుంది.

"రేపు పదింటికి నా బంకు లైసెన్సు రద్దు చేస్తారు మేడమ్! నేనే పాపమూ ఎరగను."

ఎల్ పాసోలో ప్రైవేటు డిటెక్టివ్‌గా పేరున్న సొకోర్రో అర్మెందారిస్ ఆమె చేతికి రుమాలు అందించి, సహాయకుడు తియోఫిలో వైపు చూసింది. అతను అప్పటికే మంచినీళ్లు తెచ్చాడు. ఇరవయ్యేళ్లు బస్సు నడిపి రిటైరైన ఆ మనిషికి సొకోర్రో మాటంటే వేదవాక్కు.

"ఏమైంది?"

"మంగళవారం అధికారులు నమూనా తీసుకెళ్లారు. నా ట్యాంకులో చలికాలపు పెట్రోలు కలిసిందట. మేలోనే పాతదంతా ఖాళీ చేశాను మేడమ్!"

తియోఫిలోకు ఆ సంగతి తెలుసు. చలిలో బళ్లు సులువుగా స్టార్టవ్వాలని ఇట్టే ఆవిరయ్యే పెట్రోలు అమ్ముతారు. అదే ఎండల్లో అమ్మితే ఆవిరంతా గాలిలో కలిసి, కొండల మధ్య ఇరుక్కుపోయిన ఎల్ పాసో, మెక్సికో సరిహద్దు అవతలి హ్వారెజ్, రెండు ఊళ్ల గొంతూ మండుతుంది. అందుకే జూన్ ఒకటి నుంచి తక్కువ ఆవిరయ్యే వేసవి పెట్రోలే అమ్మాలి.

"మా అత్తయ్య ముక్కులో ఆక్సిజన్ గొట్టంతో బతుకుతోంది. నా చేతులతో నేనే ఆ విషం అమ్ముతానా?" అంది నెలిడా. "మా ఆయన పోయాక నాకున్నది ఆ బంకొక్కటే. మరిది ఉబాల్దో మంచివాడు కాబట్టి, 'నీకెందుకు వదినా ఈ తలనొప్పి, నా పేరున రాసెయ్యి, నేను తంటాలు పడతా' అంటున్నాడు."

సొకోర్రో కళ్లు ఒక్క క్షణం చిన్నవయ్యాయి.

బంకు దగ్గర పంపులకు పసుపు సీళ్లు వేలాడుతున్నాయి. ఉబాల్దో తన ట్రక్కుకు చేరగిలబడి ఉన్నాడు. ట్రక్కు వెనక ఒక ఎర్ర ప్లాస్టిక్ డబ్బా ఉంది. తియోఫిలో చెయ్యి తగిలితే అది నేల మీద పెట్టిన మూకుడులా అటూ ఇటూ ఊగింది. అడుగు ఉబ్బి ఉంది.

"పొలంలో నీళ్ల మోటారుకి. ఇందాకే ఎదుటి బంకులో నింపించా. మనది సీలేశారుగా!" అని ఉబాల్దో నవ్వాడు. "మీరు ఆ ట్యాంకరు డ్రైవరు, ఎవరిస్తో అనేవాణ్ణి పట్టుకోండి. శనివారం లోడు దింపింది వాడే."

"ట్యాంకు మూత తాళం చెవులెన్ని?" అంది సొకోర్రో.

"రెండే. వదిన దగ్గరొకటి, నా దగ్గరొకటి."

నెలిడా మీటర్లను నమ్మదు. మామగారి కాలం నుంచి ఉన్న కొలకర్రను రోజూ ట్యాంకులో ముంచి, తడి ఎంతవరకు ఉందో గోడ మీద సుద్దముక్కతో గీస్తుంది. శనివారం లోడు దిగాక గీసిన గీత కంటే సోమవారం పొద్దున్న గీసినది నాలుగు వేళ్లు పైన ఉంది.

"ఆదివారం లోడు రాలేదుగా. మరి పెరిగిందేం?"

"ఎండకి ఉబ్బిందనుకున్నా మేడమ్. ఈ ఊళ్లో జూన్‌లో తలుపులు కూడా ఉబ్బుతాయి."

"ఆదివారం ఇక్కడెవరున్నారు?"

"ఎవరూ లేరు, సెలవు. చర్చి నుంచి అటే హ్వారెజ్‌లో చిన్నత్త ఇంటికి భోజనానికి వెళ్లాం. సరిహద్దు వంతెన మీద క్యూలో మూడు గంటలు! ఉబాల్దో పంటినొప్పని రాలేదు."

సొకోర్రో తియోఫిలోను పక్కకు పిలిచింది. "అచ్చం అలాంటి ఎర్ర డబ్బా కొని, ఎదుటి బంకులో నింపించుకురా. రెండింట్లో ఒకే మట్టానికి ఉండాలి."

రెండు డబ్బాల మూతలూ ఒకసారి తెరిచి, గాలి వదిలి, ఒకేసారి బిగించి, కిటికీకి అవతల, దూరంగా ఎండలో పెట్టింది.

"ఎందుకు మేడమ్ ఈ ముచ్చట?" అన్నాడు ఉబాల్దో.

"కాసేపు కూర్చుందాం. అందరినీ పిలవండి."

దుకాణంలో నెలిడా, డ్రైవరు ఎవరిస్తో, ఉబాల్దో కూర్చున్నారు. బంకు వెనకింట్లోంచి అత్తగారు ఎదువిహెస్‌ను చక్రాల కుర్చీలో తెచ్చారు. ఆవిడ పీల్చే ప్రతి ఊపిరీ గదంతా వినబడుతోంది.

"అమ్మనెందుకు తెచ్చారు?" ఉబాల్దో గొంతు పెంచాడు.

"నేనే వస్తానన్నాను. నోర్మూసుకో," అంది ముసలావిడ.

అరగంట గడిచింది. తియోఫిలో చొక్కా వీపుకు అంటుకుపోయింది.

టప్!

ఎవరిస్తో ఉలిక్కిపడ్డాడు. బయట ఒక డబ్బా పొట్ట ముందుకు తన్నింది. రెండోది కాస్త బిగిసిందంతే.

"ఉబ్బింది ఎవరిది, తియోఫిలో?"

"ఉబాల్దోది మేడమ్."

"ఒకే ఎండ, ఒకే మట్టం," అంటూ సొకోర్రో లేచింది. "ఎదుటి బంకులో నింపిన వేసవి పెట్రోలైతే రెండూ ఒకలాగే ఉండాలి. ఉబాల్దో, అది ఎక్కడిది?"

"పాతదేమో... మార్చిలో పొలానికని కొన్న పీపాల్లోది..."

"ఇందాకే నింపించానన్నావుగా!"

సొకోర్రో నెలిడా వైపు తిరిగింది.

"శనివారం లోడు దిగాక గీసిన గీత సరిగ్గానే ఉంది; పెరిగింది ఆదివారం, అప్పుడు తాళం చెవి డ్రైవరు దగ్గర లేదు. కాబట్టి ఎవరిస్తో నిర్దోషి. నేల కింద ఉన్న ట్యాంకుకు ఒక్క ఆదివారపు ఎండ తగలదు నెలిడా, అది ఉబ్బలేదు. ఎవరో పోశారు. తాళం చెవులు రెండు. ఒకటి నీతో వంతెన మీద ఉంది. రెండోది పంటినొప్పితో ఇక్కడే ఆగింది. వదిన లైసెన్సు పోతే బంకు తనదవుతుందని, మార్చిలో దాచిన పీపాలు ఆదివారం ట్యాంకులో దింపేశాడు. డబ్బా నింపింది కూడా వాటిలోంచే."

"రుజువేంటి?" ఉబాల్దో అరిచాడు.

"పొలంలో మిగిలిన పీపాలు. పొద్దున్నే అధికారులు నమూనా తీస్తారు."

టప్! డబ్బా మళ్లీ తన్నింది. ఉబాల్దో తలుపు వైపు పరిగెత్తాడు. "పగిలిపోతుంది! మూత వదులు చెయ్యాలి!"

"తెరవకు," అంది ఎదువిహెస్.

అతను ఆగిపోయాడు.

"ఆదివారం నుంచీ నా గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది. మందు పనిచెయ్యట్లేదేమో అనుకున్నాను." ఆవిడ గొట్టం సర్దుకుని, ఊపిరి కూడదీసుకుంది. "నువ్వా నాన్నా!"

ఉబాల్దో తలుపు వదిలి వెనక్కి వచ్చాడు.

ముసలావిడ అరచెయ్యి చాచింది. అతను జేబులోంచి తాళం చెవి తీసి అందులో పెట్టాడు. ఆవిడ దాన్ని చూడకుండానే నెలిడా చేతిలో పెట్టి, కోడలి వేళ్లను తన వేళ్లతో మూసింది.

తియోఫిలో బయటికెళ్లి రెండు డబ్బాలనూ నీడలోకి జరిపాడు.